బాపు గుచ్చిన నెలవంక

నేను సైన్సు టీచర్‌ని. మా బాపుకు సైన్సు మీద కోపమేమీ లేదు. కరెంటును నమ్ముతాడు, షుగరు మాత్రను నమ్ముతాడు. వాతావరణం వాళ్లనైతే మరీ నమ్ముతాడు, వాన పడదని టీవీలో చెప్పిన రోజు తప్పకుండా గొడుగు పట్టుకుని బయల్దేరతాడు. ఒక్క చంద్రుడి దగ్గరే ఆయనకూ నాకూ పేచీ. మనిషి వెళ్లి చంద్రుడి మీద కాలు పెట్టి వచ్చాడంటే చచ్చినా ఒప్పుకోడు.

ఆయన పేరు రాజమల్లు. సిరిసిల్లలో నలభై ఏళ్లుగా వైపని చేస్తున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మరమగ్గం మీద ఒక భీము, అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రోలు, అయిపోగానే కొత్త భీము ఎక్కిస్తారు. దానిలోని వేల పోగులను ఒక్కొక్కటిగా పట్టుకుని పాత పోగుల కొసలకు వేళ్లతో మెలిపెట్టి అతకాలి. బట్ట రకం మారితే ఇంకా కష్టం, ప్రతి పోగునూ సన్నటి ఇనుప కొక్కెంతో, దువ్వెనలాంటి అచ్చు కంట్లోంచి లాగాలి. ఒక్క పోగు కన్ను తప్పినా బట్ట పొడవునా గీత పడుతుంది. బాపు అతికిన భీములో గీత పడిందని ఎవరూ అనగా నేను వినలేదు. ఇప్పుడు కొన్ని షెడ్లకు అతికే యంత్రాలు వచ్చాయి, ఆయనకు వారానికి రెండు మూడు రోజులే పని. దానికి పెద్దగా బాధపడడు. మోకాళ్లకు సుఖంగా ఉందంటాడు.

మా గొడవ నా ఏడో తరగతిలో మొదలైంది. శనిగ్రహాన్ని నీళ్లలో వేస్తే తేలుతుందని చదివి, ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పాను. బాపు అన్నం తింటున్నాడు. అంత పెద్ద తొట్టి ఎవరు కట్టించారని అడిగి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. శుక్రుడి మీద ఏడాది కంటే రోజే పెద్దదని చెప్పాను. అయితే అక్కడ పొద్దున షెడ్డుకు పోయినవాడు ఇంటికి తిరిగొచ్చేసరికి వాడి పుట్టినరోజు దాటిపోతుందన్నమాట అన్నాడు. లెక్క కట్టాడు గానీ నమ్మలేదు, అంతే. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లకు రోజుకు పదహారుసార్లు పొద్దు పొడుస్తుందంటే, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చున్న మా అమ్మ బాలమణి, మేం అవ్వా అని పిలుస్తాం, అన్నిసార్లూ వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టాలా అని హడలిపోయింది.

ఈ విషయాలు ఆయనకు కథలు. కథలుగా ఇష్టమే కూడా, అడిగి మరీ చెప్పించుకునేవాడు. చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖం మారేది. ఎందుకంటే అక్కడ జెండా ఉంది. గాలి లేనిచోట జెండా ఎలా ఊగిందన్నది ఆయన ప్రశ్న. జెండా పై అంచులో అడ్డంగా కడ్డీ పెట్టారని, పాతేటప్పుడు కర్ర కదిలితే బట్ట కదిలిందని, ఆపడానికి గాలి లేదు కాబట్టి ఇంకాసేపు ఊగిందని నేను చెప్పని రోజు లేదు. బొమ్మలు గీసి చెప్పాను, వీడియోలు పెట్టి చూపించాను. చివరికి ఆయన అనే మాట ఒకటే. "బట్ట గురించి నాకు చెప్పకు బిడ్డా." నలభై ఏళ్లు బట్ట మధ్య బతికినవాడితో బట్ట మీద వాదించి గెలిచేదెవరు?

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో చందుర్తిలో పనిచేశాను. పంద్రాగస్టుకు బడి చూద్దామని బాపు వచ్చాడు. పిల్లలు ముచ్చటపడి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో బతికిన మనిషి కాబట్టి ఆయనకు మైకు అక్కర్లేదు. "మీ మేడం మంచిది. మంచిగ చదువుకోండ్రి. గా చంద్రుని మీదికి పోయిన ముచ్చట ఒక్కటి నమ్మకుండ్రి" అని చెప్పి దిగిపోయాడు. హెడ్‌మాస్టరు శ్యాంసుందర్ సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆ బడిలో ఉన్నన్నాళ్లూ చంద్రుడి పాఠం రాగానే వెనక బెంచీ నుంచి దగ్గు వినిపించేది.

ఆ సాయంత్రం సిరిసిల్లలో ఇంటికి వెళ్లి ఏడ్చాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలా మెత్తగా అన్నాడు. "నౌకరి గద బిడ్డా. బుక్కుల ఉన్నది చెప్పకుంటే ఎట్ల. నిన్ను నేను తప్పు పడతనా?"

నాకు మండింది అందుకే. ఆయన తిట్టి ఉంటే పోట్లాడేదాన్ని. ఆయన నన్ను క్షమించేశాడు. జీతం కోసం అబద్ధాలు చెప్పుకుని బతుకుతున్న బిడ్డను ప్రేమగా క్షమించి, అన్నం పెట్టి, బస్సెక్కించాడు. పెళ్లయి కోరుట్లకు బదిలీ చేయించుకున్నా, నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చినా, నా మనసులో కోరిక ఒకటే. నేను చెప్పేది నిజమని మా బాపు ఒక్కసారి అనాలి. రాష్ట్రపతి వచ్చి మెడల్ వేసినా దాని ముందు దిగదుడుపే.

ఈ ఏడాది ఆగస్టు ఇరవై మూడున, అంతరిక్ష దినోత్సవం నాడు, జగిత్యాలలో బడుల ప్రదర్శన అన్నారు. చంద్రయాన్ దిగిన రోజు కాబట్టి అందరూ చంద్రుడి మీదే ఏదో ఒకటి తేవాలి. నాకు తెలుసు, నలభై బడుల నుంచి నలభై థర్మాకోల్ రాకెట్లు వస్తాయి. నాకు థర్మాకోల్ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇంకేదైనా దొరుకుతుందేమోనని చదువుతూ పోతే ఒక సంగతి కళ్లబడింది. చదివాక అరగంటసేపు కుర్చీలోంచి లేవలేదు.

మొదటిసారి మనుషులు చంద్రుడి మీదికి వెళ్లిన ఓడలో ఒక కంప్యూటర్ ఉంది. దానికి దారి చెప్పే ప్రోగ్రామును తీగలతో నేశారు. నేశారంటే ఊరికే మాటవరసకు అనడం కాదు. చిన్న చిన్న అయస్కాంతపు రింగులు వరసగా ఉంటాయి. తీగ రింగులోంచి వెళితే ఒకటి, రింగు బయటి నుంచి వెళితే సున్నా. ఆ ఒకట్లూ సున్నాలే ఓడకు తెలిసిన చదువంతా. ఆ తీగలను చేత్తో గుచ్చింది అమెరికాలో ఒక ఫ్యాక్టరీలోని ఆడవాళ్లు. వాళ్లలో కొందరు అంతకుముందు బట్టల మిల్లుల్లోనూ గడియారాల కంపెనీలోనూ పనిచేసినవాళ్లు. ఇది వైపని కాకపోతే మరేమిటి?

చిన్న నమూనా చేద్దామని ఉబేద్ దగ్గరికి వెళ్లాను. కోరుట్లలో కాలిపోయిన మోటార్లకు కొత్త చుట్టు చుట్టే దుకాణం అతనిది. రాగి తీగ గురించి అతనికి తెలియనిది లేదు, ఈమధ్య దీపాల బోర్డులు కూడా చేస్తున్నాడు. నాలుగు సాయంత్రాలు నా మాట విని, తల గోక్కుని, చివరికి తయారు చేశాడు. చెక్క మీద పదహారు రింగులు, పక్కన అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు చిన్న దీపాల పలక. ఒక్కో తీగ పలకలో ఒక్కో వరసకు. తీగ ఏ రింగులోంచి వెళితే ఆ వరసలో ఆ దీపం వెలుగుతుంది, బయటి నుంచి వెళితే వెలగదు. మూడు బొమ్మలు అనుకున్నాం. పడవలా వెల్లకిలా పడుకున్న నెలవంక, రెండు కాళ్ల మీద నిలబడ్డ రాకెట్, చంద్రుడి మట్టిలో దిగిన బూటు అచ్చు. గాలీ వానా లేవు కాబట్టి ఆ అచ్చులు అక్కడ ఇంకా అలాగే ఉంటాయని పిల్లలకు చెప్పాలని నా ఆశ. మూడు బొమ్మలకూ కలిపి నలభై ఎనిమిది తీగలు.

రింగు కంత కందిగింజ పట్టేంత. తీగ తల వెంట్రుకంత. ఉబేద్ మూడు తీగలు గుచ్చి, నాలుగోది తెంపి, చేతులెత్తేశాడు. తన చేయి మోటుదని, మోటారు చుట్టడం వేరు ఇది వేరని అన్నాడు. "సిరిసిల్లల మీ బాపు లేడా మేడం?" అని అతనే గుర్తుచేశాడు.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆదివారం చెక్క పట్టుకుని సిరిసిల్ల వెళ్లాను గానీ, అది ఏమిటో బాపుకు చెప్పలేదు. చంద్రుడి పేరెత్తితే ఆయన నవ్వి పక్కన పెడతాడని భయం. బడి పిల్లలకు దీపాల బొమ్మ అన్నాను. ఒక చార్టు గీసి ఇచ్చాను, ఒక్కో తీగకు పదహారు గడులు. నల్ల గడి ఉంటే రింగులోంచి, తెల్ల గడి ఉంటే బయటి నుంచి. ఉబేద్ వైర్ల సౌకర్యం కోసం మూడు బొమ్మల వరసలనూ కలగాపులగం చేశాం కాబట్టి చార్టు చూస్తే ఏ బొమ్మా కనబడదు. బాపు కళ్లజోడు సవరించుకుని చార్టును చాలాసేపు చూశాడు. ఒకటి రెండుసార్లు నా వైపు కూడా చూశాడు. శుక్రవారంలోగా పంపిస్తానన్నాడు.

అన్నట్టే శుక్రవారం మధ్యాహ్నం వేములవాడ మీదుగా వచ్చే బస్సులో డ్రైవర్ చేతికిచ్చి పంపాడు. అవ్వ పాత చీరలో మూడు చుట్లు చుట్టి ఉంది. విప్పి చూసి ఉబేద్ సలాం కొట్టినంత పని చేశాడు. దువ్వెనతో దువ్వినట్టు ఉన్నాయి తీగలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు. వైర్లు కలిపి బటన్ నొక్కాడు.

నెలవంక రాలేదు. అర్ధచంద్రుడు వచ్చాడు. అది కూడా పైనా కిందా చీరకు ఉన్నట్టు రెండు అంచులతో. రాకెట్ రెండు కాళ్లూ కలిసిపోయి దిమ్మె అయింది. బూటు అచ్చులోని చాళ్లన్నీ మూసుకుపోయి ఇటుక అయింది.

గంటసేపు ఉబేద్ తన వైర్లనే అనుమానించాడు. తర్వాత చార్టు పక్కన పెట్టుకుని ఒక్కో తీగనూ భూతద్దంలో చూశాం. ఇరవై రెండు తీగలు చార్టులో ఉన్నట్టు లేవు. బయటి నుంచి పోవాల్సినచోట లోపలి నుంచి పోయాయి. తెల్లారితే ప్రదర్శన, పదకొండింటికల్లా జగిత్యాలలో ఉండాలి. నాకు కోపం వస్తే ముందు నోరు నడుస్తుంది, బుద్ధి తర్వాత వస్తుంది. ఫోన్ చేశాను. గీసింది గీసినట్టు గుచ్చమంటే ఏమైందని అడిగాను. అంతటితో ఆగలేదు. "చాతగాకపోతే చాతగాదని చెప్పాలె బాపు" అన్నాను.

బాపు "పొద్దుగాల అస్త" అని పెట్టేశాడు.

పది నిమిషాలకు అవ్వ ఫోన్ చేసింది. ఆమె చెప్పింది విన్నాక నేను ఉబేద్ దుకాణంలో కాలిపోయిన మోటారు మీదే కూలబడ్డాను. బాపు రెండు రోజులు ఆ చార్టు ముందు పెట్టుకుని మథనపడ్డాడట. అంచుల దగ్గర ఖాళీలు ఉంటే ఉండనిచ్చాడు, బట్టకు అంచు వేరుగా ఉండొచ్చు కదా. నడిమధ్యలో నాలుగైదు రింగులు వరసగా తప్పితే మాత్రం ఆయన కంటికి అది గీత పడే చోటు. ఒక్క రింగులోకీ పోని తీగలైతే మరీ ఘోరం. ఏ కంట్లోంచీ పోని పోగు ఎందుకని, అన్ని రింగుల్లోంచీ లాగేశాడు. పాపం, పిల్ల పని ఒత్తిడిలో ఇన్ని తప్పులు గీసిందని జాలిపడ్డాడట.

"నీకు చెప్తె చిన్నతనమైతదని చెప్పలే బిడ్డా" అంది అవ్వ. "బిడ్డ తప్పు పదిమందిల పడద్దని సప్పుడు చెయ్యక సదిరిండు. నాకు గూడ ఎవలకు చెప్పద్దన్నడు."

చందుర్తిలో చేసిందీ అదే, ఇప్పుడు చేసిందీ అదే. నా తప్పు అని తను అనుకున్నదాన్ని ఆయన కప్పిపెడుతూ వస్తున్నాడు. నేనేమో చాతగాదన్నాను.

పొద్దున ఏడున్నరకు ఉబేద్ దుకాణం షట్టరు ఎత్తేసరికే బాపు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో కొక్కెం. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చెక్కను ఒళ్లోకి తీసుకుని, వెలుతురుకు తిరిగి కూర్చుని అడిగాడు.

"ముందుగాల గిది ఏందో చెప్పు. తెల్వకుండ గుచ్చితె గిట్లనే అయితది."

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దీపాల బొమ్మ అని మళ్లీ అంటే, గుచ్చేసి ఇచ్చేవాడు, నా ప్రదర్శన గట్టెక్కేది. ఆ మాట అంటే ఆయన నా గురించి అనుకుంటున్నది నిజమవుతుంది. చెప్పేశాను. ఇది చంద్రుడి మీదికి పోయిన ఓడ కంప్యూటర్‌కు నమూనా అన్నాను. ఆయన ముఖంలోకి చూడకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. లేచి వెళ్లిపోతాడని ఎదురుచూశాను.

లేవలేదు. కొక్కెంతో మొదటి తీగ విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూనే అడిగాడు, వాళ్లు ఎక్కడ కూర్చుని గుచ్చేవారని. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని, తీగ కట్టిన సూదిని రింగులోంచి ఒకామె అటు తోస్తే రెండో ఆమె అందుకుని ఇటు తోసేదని చెప్పాను. తల ఊపాడు. అచ్చు కంట్లోంచి పోగులు లాగేటప్పుడు ఇవతల ఒకరు, అవతల పోగు అందించేందుకు ఒకరు, ఇక్కడా అలాగే కూర్చుంటారు. ఒక్కో రింగు దగ్గర ఎన్ని తీగలని అడిగాడు. రెండు వందల దాకా, లోపల పోయేవి కొన్ని, బయట పోయేవి కొన్ని అన్నాను. ఆయన చేయి ఒక్క క్షణం ఆగింది.

"ఒక్క తీగె తప్పు పోతే?"

"విప్పి మళ్ల గుచ్చాలె బాపు. ఓడ లేచినంక తప్పు దొరికితే మాత్రం సదురరాదు. మనుషులు మీద ఉంటరు."

"నెలలు పడుతది గద."

"ఒక్కో పెట్టెకు వారాలు పట్టేదట."

ఉబేద్ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "కాకా, చల్లగైతది" అన్నా బాపు వినలేదు. తొమ్మిదో తీగ దగ్గర ఉన్నాడు, అది చార్టులో ఒక్క నల్ల గడి కూడా లేని వరస. రింగులన్నిటి బయటి నుంచీ జాగ్రత్తగా దాన్ని తీసుకుపోయి కట్టాడు. వేలితో ఒకసారి నిమిరాడు.

"అయితె గీ బయటికెల్లి పోయేది గూడ పనే చేస్తదన్నట్టు" అన్నాడు.

అవునన్నాను. ఈ తీగ లోపలికి పోతే దీపం వెలిగి బొమ్మ చెడిపోతుంది, ఖాళీ ఉండాల్సినచోట ఖాళీ ఉంచడమే దాని పని అన్నాను. ఆయన పెదవి విరిచి, నా వంక చూసి, ఇది ముందే చెప్పొద్దా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నిజమే, తప్పు నాదే. నేనాయన చేతిని నమ్మాను గానీ బుర్రను నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా నన్ను నమ్మడం లేదని ఏడుస్తూ, నేను చేసిందేమిటి?

మరి కాసేపటికి ఆ ఆడవాళ్ల పేర్లు అడిగాడు. నేను చదివినచోట పేర్లు లేవని చెప్పాను, ఫోటోలు మాత్రం ఒకటి రెండు చూశానన్నాను. ఫోన్‌లో తీసి చూపిస్తే దగ్గరికి పెట్టుకుని వాళ్ల ముఖాలు చూడలేదు, చేతులు పెద్దవి చేసి చూశాడు. సూది పట్టుకున్న తీరు బాగుందన్నాడు. అంతే. చంద్రుడి గురించి ఔననలేదు, కాదనలేదు. నేనూ అడగలేదు. నా చిన్నప్పటి నుంచీ ఇంతసేపు చంద్రుడి పక్కన కూర్చుని జెండా మాట ఎత్తకపోవడం ఇదే మొదటిసారి, అది చాలనుకున్నాను.

తొమ్మిదిన్నరకు ఇరవై రెండు తీగలూ అయిపోయాయి. ఉబేద్ బిస్మిల్లా అని బటన్ నొక్కాడు. పలక మీద నెలవంక లేచింది, రెండు కొనలూ పైకి, మధ్యలో ఖాళీ. రాకెట్ రెండు కాళ్ల మీద నిలబడింది. బూటు అచ్చులో చాళ్లన్నీ వరసగా తేలాయి. ఉబేద్ చప్పట్లు కొట్టాడు. బాపు చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, సిరిసిల్ల బస్సు ఎన్నింటికని అడిగాడు.

ఎలా అడిగానో గుర్తులేదు గానీ, జగిత్యాలకు రమ్మని అడిగాను. అడిగాక భయం వేసింది. చందుర్తి గుర్తొచ్చింది. అక్కడ మా బడి పిల్లలుంటారు, నలభై బడుల పిల్లలుంటారు, పెద్ద సార్లుంటారు. ఈయన నోరు విప్పితే హాలు దాటి రోడ్డుకు వినపడుతుంది. ఆయన కొక్కెం జేబులో పెట్టుకుని, ఆటోలో చెక్క కుదుపులకు చెడిపోతుందేమో, ఒళ్లో పెట్టుకుని తానే వస్తానన్నాడు.

జగిత్యాలలో నేననుకున్నంతా జరిగింది. హాలు నిండా థర్మాకోల్. రాకెట్ల మధ్య మా చెక్క బక్కచిక్కి కనిపించింది. అయినా దీపాలు వెలిగేసరికి పిల్లలు మూగారు. మా పిల్లలు బటన్ నొక్కి బొమ్మలు మారుస్తున్నారు, నేను కథ చెబుతున్నాను. బాపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరైనా తీగ మీద వేలు పెట్టబోతే కళ్లతోనే ఆపుతున్నాడు. పెద్ద సార్లు వచ్చి చూశారు, ఒకాయన ఎవరు గుచ్చారని అడిగితే మా బాపు అని చెప్పాను. బాపు లేచి దండం పెట్టి మళ్లీ కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. నాకు గుండె కుదుటపడింది.

అప్పుడొచ్చింది యాస్మీన్. వేరే బడి పిల్ల, ఎనిమిదో తరగతి, రెండు జడలు, చేతిలో నోటుపుస్తకం. నేను చెప్పిందంతా రాసుకుంది. రాసుకుని, నన్ను వదిలేసి, కుర్చీలో ఉన్న బాపు దగ్గరికి పోయి నిలబడింది.

"తాతా, చంద్రుని మీదికి నిజంగ పోయిండ్రా? మా మామయ్య అంతా ఝూట్ అంటడు."

మధ్యలో దూరి ఏదైనా చెప్పి ఆ పిల్లను పంపించేద్దామా అనిపించింది. ఆలోపే బాపు ఆ పిల్లను చూశాడు, చెక్కను చూశాడు. నా వైపు చూడలేదు.

"పోయిండ్రు బిడ్డా" అన్నాడు.

యాస్మీన్ పెన్ను విప్పింది. "నీకెట్ల తెలుసు తాతా?"

"గీ పని నేను చేసిన గద. అబద్ధం చెప్పేటోళ్లయితే పైపైన చేసి సూపెట్టి పోతరు. ఒక్క తీగె తప్పిందని మొత్తం విప్పి మళ్ల గుచ్చుడు గట్లెవలు చెయ్యరు. మీద మనుషులున్నరు, పానాలున్నయి అని ఎరుకున్నోళ్లే చేస్తరు. గా ఆడోళ్లు గుచ్చిండ్రంటే మనుషులు పోయినట్టే." ఆగి, గొంతు సవరించుకున్నాడు. "మా బిడ్డ చిన్నప్పటి సంది చెప్తనే ఉన్నది. నేనే ఇనలె."

యాస్మీన్ అది కూడా రాసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నారు. మా పిల్లల్లో ఒకరు బటన్ నొక్కారు, నెలవంక పోయి రాకెట్ వచ్చింది, ఇంకెవరో తాతను తీగలు ఎలా గుచ్చాడో చూపించమన్నారు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని జేబులోంచి కొక్కెం తీశాడు. నేను పలక వెనక్కి పోయి, ఏ లోపమూ లేని వైర్లను సరిచేస్తున్నట్టు చాలాసేపు వంగి నిలబడ్డాను. మేడం ఏడుస్తోందని పిల్లలు చూస్తే బాగుండదు కదా.